కూసే ఇరుసు, కూయని ఇరుసు

మా బావగారు పోయినేడు ఒక పాత ఎస్‌యూవీ కొన్నారు. ఒడ్డూ పొడుగూ బాగుంది, ఇంజను బాగుంది, ఇంట్లో అందరికీ నచ్చింది. మూడు నెలలు తిరక్కుండానే ఒక జబ్బు బయటపడింది. హైవే మీద తిన్నగా పోతున్నంతసేపూ కిక్కురుమనదు. పెట్రోలు బంకులోకి తిప్పినప్పుడో, అపార్టుమెంటు సెల్లారులో స్టీరింగు ఆఖరుదాకా కోసినప్పుడో మాత్రం వెనకసీటు కింద మొదలవుతుంది. ఇనప బీరువాను గచ్చు మీద ఈడుస్తున్నట్టు గర్రు, గర్రు, గర్రున మోత. సీటులో కూర్చున్నవాళ్ల నడుములకు కూడా తెలిసేంత వణుకు.

ఇంటి దగ్గరున్న షెడ్డులో చూపిస్తే కుర్రాడు ఒక రౌండు కొట్టి వచ్చి, “హౌసింగు పోయింది సార్, క్రౌను పినియను సెట్టు మార్చాల్సిందే” అన్నాడు. అతను చెప్పిన అంకె విని బావగారు రెండు రోజులు అన్నం సరిగా తినలేదని మా చెల్లెలి ఫోను. నేను ముప్పై ఏళ్లు పిల్లలకు ఫిజిక్సు చెప్పినవాణ్ని కాబట్టి బండ్ల గురించి కూడా నాకు తెలుస్తుందని మా ఇంట్లో ఒక నమ్మకం. అలా ఇద్దరం విజయవాడ ఆటోనగరులో ఒక పాత షెడ్డుకి వెళ్లాం. అక్కడి మేస్త్రీకి అరవై దాటాయి. లారీల వెనక ఇరుసులు విప్పడంలోనే ఆయన జీవితం గడిచింది.

ఆయన స్పానర్ ముట్టుకోలేదు. బండి చుట్టూ ఒకసారి నడిచొచ్చి అడిగాడు. “తిన్నగా పోతుంటే కూసిద్దా?” లేదన్నాం. “యాక్సిలేటరు వదిలినప్పుడు?” లేదు. “తిప్పితేనేనా?” అవును. “వెనకాల ఆయిలు ఎవరు పోశారు, ఏది పోశారు?” బావగారు నావైపు చూశారు, నేను బండివైపు చూశాను. ఆఖరికి వంగి, వెనక కుడి టైరు మీద అరచేయి ఆనించి, “ఇదొక్కటే కొత్తదేంటి సార్?” అన్నాడు. వణికేది ఇరుసైతే ఈయన టైరు సంగతి అడుగుతాడేమిటని నాకు లోపల కాస్త అనుమానం కలిగింది. ఆ అనుమానం తీరడానికి చాలాసేపు పట్టింది.

రెండెడ్ల బండికి ఈ బాధ లేదు. దాని ఇరుసు కదలదు. చక్రాలు చెరో కొసన, శీలకు ఇవతల, దేని దారిన అది తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం నాలుగు చుట్లు ఎక్కువ తిరిగినా అడిగేవాడు లేడు, ఎందుకంటే బండిని లాగేవి ముందున్న ఎడ్లు, చక్రాలు కావు. కందెన ఉంటే చాలు. ఇంజను పుట్టి, చక్రాన్నే పట్టుకు తిప్పి బండిని నడపాలి అనుకున్నప్పుడు చిక్కు వచ్చింది. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగించి తిప్పితే మలుపులో ఏదో ఒకటి నేలను గీక్కుంటూ పోవాలి.

ఎంత గీక్కోవాలో లెక్క వేయడం తేలిక. రెండు వెనక చక్రాల మధ్య దూరం మీటరున్నర అనుకుందాం. యూటర్ను అంటే అర్ధవృత్తం. బయటి చక్రం గీసే అర్ధవృత్తానికీ లోపలి చక్రం గీసేదానికీ మధ్య తేడా, ఆ మీటరున్నరను పైతో గుణిస్తే వచ్చేదే, అంటే 4.7 మీటర్లు. మలుపు ఇరుకైనా వెడల్పైనా ఈ తేడా మారదు. ఇది నా విద్యార్థులు ఎప్పుడూ ఒక పట్టాన నమ్మేవాళ్లు కాదు, చాక్‌పీసుతో గచ్చు మీద గీసి చూపించాల్సి వచ్చేది. ఎస్‌యూవీ టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 2.2 మీటర్లు పోతుంది. కాబట్టి ఒక్కో యూటర్నుకు బయటి చక్రం లోపలిదానికంటే రెండు చుట్లకు పైగా ఎక్కువ తిరగాలి.

ఈ రెండు చుట్లనూ సర్దే యంత్రమే డిఫరెన్షియల్. 1820ల చివర్లో పారిస్‌లో ఒనెసిఫోర్ పెక్యూర్ అనే గడియారాల పనివాడు ఆవిరి బండి కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు. పెట్రోలు కారు పుట్టడానికి యాభై ఏళ్లకు పైగా ముందు మాట ఇది. గడియారాలవాడికి తట్టడంలో వింత లేదు, చిన్న చిన్న పళ్లచక్రాలతో కూడికలూ తీసివేతలూ చేయించడం వాళ్ల వృత్తి. ఇంజను నుంచి వచ్చే పొడుగాటి షాఫ్టు చివర చిన్న పినియను ఉంటుంది. అది పెద్ద క్రౌను చక్రాన్ని తిప్పుతుంది. క్రౌనుతోపాటు తిరిగే పెట్టెలో, మన షెడ్లలో స్టార్ పినియన్లు అని పిలిచే బుల్లి పళ్లచక్రాలు ఉంటాయి. అవి రెండు పక్కలా ఉన్న సన్ గేర్లను పట్టుకుని ఉంటాయి. సన్ గేరు ఒక్కోదానికీ ఒక్కో చక్రం. బండి తిన్నగా పోతుంటే స్టార్లు తమ చుట్టూ తాము తిరగవు, పెట్టె మొత్తం ఒకే ముద్దగా తిరుగుతుంది. మలుపు రాగానే స్టార్లు మెల్లగా దొర్లుతాయి, ఒక పక్క తగ్గినంత రెండో పక్క పెరుగుతుంది.

చూడముచ్చటైన ఏర్పాటే, కానీ అందులో ఒక మూర్ఖత్వం ఉంది. వేగాన్ని ఎలాగైనా పంచుతుంది గానీ, తోపుడు బలాన్ని మాత్రం ఎప్పుడూ సరిసమానంగానే పంచుతుంది. వానాకాలం నల్లరేగడిలో ఒక చక్రం దిగబడిందనుకోండి. ఆ చక్రానికి పట్టు లేదు కాబట్టి దాన్ని తిప్పడానికి పెద్ద బలం అక్కర్లేదు. దానికెంత చాలో గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంతే అందుతుంది. దాంతో బురదలోది గిర్రున తిరుగుతూ అందరి బట్టలూ పాడుచేస్తుంది, గట్టి నేల మీదిది గుడ్లప్పగించి చూస్తుంది.

ఈ మూర్ఖత్వానికి విరుగుడు మొదట కావాల్సింది రైతుకు కాదు, రేసువాడికి. 1930లలో జర్మనీలో ఆటో యూనియన్ కోసం ఫెర్డినాండ్ పోర్షే తయారుచేసిన గ్రాండ్ ప్రీ కార్లకు బలం మరీ ఎక్కువ. మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు లోపలి చక్రం బరువు కోల్పోయి ఊరికే తిరిగేది. 1935లో ఆయన అడిగితే జడ్‌ఎఫ్ కంపెనీ జారుడును అదుపులో పెట్టే డిఫరెన్షియల్‌ను రూపొందించింది. మామూలు కొనుగోలుదారుల కార్లలోకి అది 1956లో అమెరికాలో ప్యాకర్డ్ ద్వారా వచ్చింది. ఏడాది తిరిగేసరికి షెవ్రొలే ‘పాజిట్రాక్షన్’ అని పేరుపెట్టి అమ్మింది. ‘మై కజిన్ విన్నీ’ అని 1992లో ఒక హాలీవుడ్ హాస్యచిత్రం వచ్చింది. అందులో హంతకుల కారు ఏదో తేలేది ఈ పాజిట్రాక్షన్ వల్లే. రెండు వెనక టైర్ల గుర్తులూ సమానంగా పడ్డ ఫొటో చూసి, గ్యారేజీల కుటుంబంలో పుట్టిన అమ్మాయి బోనెక్కి లాయర్ల నోరు మూయిస్తుంది. ఆ పాత్ర వేసిన మరీసా టొమేకి ఆస్కార్ కూడా వచ్చింది. ఇరుసు జబ్బు కనిపెట్టడానికి నేల మీద గుర్తులు చూడటం నిజంగానే పనికొచ్చే పరీక్ష. కంకర దారిలో గట్టిగా తొక్కి, దిగి వెనక్కి చూడండి. రెండు గాట్లున్నాయా, ఒకటేనా?

బావగారి బండిలో ఉన్నది పలకల రకం. సన్ గేరు వీపు వెనక పలచటి ఉక్కు పలకలు దొంతరగా పేర్చి ఉంటాయి, దిబ్బరొట్టె మీద దిబ్బరొట్టె పెట్టినట్టు. ఒకటి విడిచి ఒకటి సన్ గేరుతో తిరుగుతాయి, మిగతావి పెట్టెతో తిరుగుతాయి. వాటిని ఒక స్ప్రింగు ఎప్పుడూ కాస్త నొక్కిపెట్టి ఉంచుతుంది. దానికి తోడు, ఇంజను బలం పెరిగేకొద్దీ స్టార్ పళ్లు సన్ గేర్లను బయటికి నెడతాయి, పలకలు ఇంకా గట్టిగా బిగుస్తాయి. అందువల్ల ఒక చక్రం బురదలో ఊరికే తిరగబోతే పలకలు పట్టుకుని, “ఒక్కడివే ఎక్కడికి” అని ఆపుతాయి. ఆపిన బలం రెండో చక్రానికి పోతుంది.

కానీ మలుపులో ఆ రెండు చుట్ల తేడా ఉండనే ఉంది. అప్పుడు పలకలు ఒకదాని మీద ఒకటి జారక తప్పదు. పెట్టె వేగం రెండు చక్రాలకూ నడిమధ్యన ఉంటుంది కాబట్టి, యూటర్నుకు ఒక్కో పక్క దొంతర ఒక్కో చుట్టు జారుతుంది. పట్టుకోవాలి, జారాలి. పట్టుకున్నప్పుడు జారకూడదు, జారేటప్పుడు పట్టుకోకూడదు. వీటి అరుగుదల జబ్బు కాదు, ఉద్యోగం. బ్రేకు లైనింగులాగా అరగడానికే పుట్టాయి.

మరి ఆ బీరువా మోత ఎక్కడిది? బీరువానే తీసుకోండి. కదిలించడానికి ఎక్కువ బలం కావాలి, కదిలాక తక్కువ చాలు. నిలకడ మీదున్న ఘర్షణ, కదలిక మీదున్న ఘర్షణ కంటే పెద్దది. మనం నెడతాం, అది మొరాయిస్తుంది, మన చేతుల్లోనూ బీరువా కాళ్లలోనూ బిగువు పెరుగుతుంది, ఒక్కసారిగా జారుతుంది, బిగువు పోగానే మళ్లీ ఆగుతుంది. ఇదే సెకనుకు పదుల సార్లు జరిగితే గర్రు గర్రు. బల్లమీద చాక్‌పీసు కీచుమన్నా, వయొలిన్ కమాను తీగను పలికించినా లోపల జరిగేది ఇదే. పలకల దొంతర మలుపులో పట్టి, వదిలి, పట్టి, వదులుతుంటే ఇరుసంతా వణుకుతుంది.

దీన్ని ఆపడానికి నూనెలో ఒక మందు కలుపుతారు. ఫ్రిక్షన్ మాడిఫయర్ అని డబ్బా మీద ఉంటుంది. పొడుగాటి కొవ్వు అణువులు అవి. తల ఉక్కుకు అతుక్కుంటుంది, తోక బయటికి నిలబడుతుంది. పలక మీద తివాచీ పరిచినట్టు. ఆ తివాచీ ఉన్నంతకాలం నిలకడ ఘర్షణ, కదలిక ఘర్షణను మించదు. మొరాయింపు లేదు కాబట్టి మోత లేదు. అమెరికాలో ఫోర్డ్ మస్టాంగుల వెనక దశాబ్దాలపాటు ఉన్న 8.8 అంగుళాల ఇరుసులో ట్రాక్షన్-లాక్ అనే పలకల డిఫరెన్షియల్ వచ్చేది. దానికి పట్టే మందు 118 మిల్లీలీటర్లు. అంటే ఒక ఇరానీ చాయ్ కప్పుడు. ఆ కప్పుడు మందు మరిచిపోయి, ఇరుసు పోయిందని విప్పించినవాళ్లు అక్కడా తక్కువేమీ కాదు.

ఇక్కడ ఇంకో తగువుంది. పినియనూ క్రౌనూ కలిసే చోట పళ్లు దొర్లడమే కాదు, ఒకదాని మీద ఒకటి పక్కకు రాసుకుంటూ పోతాయి. పినియనును క్రౌను నడిమధ్య కాకుండా కిందికి దించి పెట్టడం వల్ల వచ్చిన ఇబ్బంది ఇది. 1920లలో ప్యాకర్డ్ మొదలుపెట్టిన పద్ధతి. షాఫ్టు కిందికి పోయి కారు నేలబారుగా రావడానికి అలా చేశారు. ఆ రాపిడిని మామూలు నూనె తట్టుకోలేదు. అందుకే గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు వేస్తారు. పళ్లు వేడెక్కిన చోట అవి ఉక్కుతో కలిసి పలచటి పొరగా ఏర్పడి, ఉక్కుకు బదులు తాము అరుగుతాయి. డబ్బా మూత తీయగానే ముక్కు మూయించే వాసన వాటిదే. ఇలా పళ్లకు ఒక మందు, పలకలకు ఇంకో మందు, రెండూ ఒకే నూనెలో. ఒకే ఒరలో రెండు కత్తులు ఇముడ్చుకున్న నూనె అది. మార్కెట్లో అడిగితే ఇచ్చే మామూలు 90 గేర్ ఆయిల్‌లో మొదటిది ఉండొచ్చు, రెండోది ఉండదు.

మేస్త్రీ మా బండి హౌసింగుకు పక్కనున్న ఫిల్లర్ బోల్టు తీసి, చిటికెన వేలు లోపలికి పెట్టి, బయటికి తీసి వాసన చూశాడు. బొటనవేలితో రుద్దాడు. “తొంభై పోశారు” అన్నాడు. అంతే.

అరిచినంత మాత్రాన ఈ రకం డిఫరెన్షియల్ చచ్చినట్టు కాదు. పలకలు ఇంకా ఒకదాన్నొకటి పట్టుకుంటున్నాయి కాబట్టే మలుపులో మొరాయిస్తున్నాయి. పూర్తిగా అరిగిపోయిన పలకలు ఏ చప్పుడూ చేయవు. నున్నగా, హాయిగా, ఎంత మలుపు తిప్పినా నోరెత్తకుండా జారిపోతాయి. అప్పుడు మీ దగ్గరున్నది మామూలు డిఫరెన్షియల్. ఆ సంగతి మీకు తెలిసేది బురదలో దిగబడిన రోజున. ఆసుపత్రిలో కేకలు వేసే రోగికంటే మాట్లాడకుండా పడుకున్నవాడి దగ్గరికి ముందు పోవాలని నర్సులకు నేర్పుతారంటారు. షెడ్డులో జరిగేది తలకిందులు. కేకలు వేసేదాన్ని విప్పేస్తాం, మాట్లాడనిదాన్ని బాగుందని పంపేస్తాం.

అలాగని ప్రతి చప్పుడునూ కొట్టిపారేయడానికి లేదు. వెనక ఇరుసు పలికే రాగాలు చాలా ఉన్నాయి, మలుపులో గర్రుమనేది వాటిలో ఒకటి మాత్రమే. మిగతావి పలకలవి కావు, పళ్లవీ బేరింగులవీ. ఇక్కడ కాస్త లెక్క సాయపడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో 2.2 మీటర్ల టైరు సెకనుకు ఏడున్నర చుట్లు తిరుగుతుంది. క్రౌనుకు 41 పళ్లు, పినియనుకు 10 పళ్లు అనుకుంటే, పన్ను మీద పన్ను సెకనుకు సుమారు 310 సార్లు పడుతుంది. అది హార్మోనియం మెట్ల మీద వెతికితే దొరికే శ్రుతి. కాబట్టి క్రౌను పినియను చెడితే వచ్చేది శ్రుతిగల కూత, వేగం పెరిగితే స్థాయి పెరుగుతుంది. యాక్సిలేటరు తొక్కినప్పుడు పళ్ల ఒక చెంప, వదిలినప్పుడు రెండో చెంప బరువు మోస్తాయి. తొక్కినప్పుడే కూసి వదలగానే ఆగితే ఒక చెంప దెబ్బతిన్నది, లేదా పినియను తన చోటు నుంచి వెంట్రుకవాసి జరిగింది. అందుకే మేస్త్రీ ఆ రెండో ప్రశ్న అడిగాడు.

బేరింగుకు శ్రుతి ఉండదు. అది గురగుర. తొక్కినా వదిలినా ఒకేలా ఉంటుంది. పినియను బేరింగు చక్రం కంటే నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది కాబట్టి దాని గురగుర దట్టంగా ఉంటుంది. చక్రం బేరింగుదైతే బండిని అటూ ఇటూ ఊపినప్పుడు బరువు మారి గొంతు మారుస్తుంది. టైరు మోతను ఇరుసు మోత అనుకోవడం ఇంకో పొరపాటు. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు మీదికి ఎక్కగానే మోత మారిందా, అది టైరు. ఇరుసుకు కింద ఏ రోడ్డున్నా ఒకటే. గేరు వేసి వదలగానే టంగుమంటే ముందు షాఫ్టు జాయింటు క్రాసులు పట్టుకుని ఆడించి చూడాలి. చాలాసార్లు కథ అక్కడే ముగుస్తుంది.

పన్ను విరిగితే టక్. పినియను పన్నయితే సెకనుకు ముప్పై సార్లు, క్రౌను పన్నయితే చక్రం చుట్టుకొకటి. ఇక్కడ ఒక చమత్కారం ఉంది. 41కీ 10కీ ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకం లేదు. డిజైనర్లు కావాలనే అలాంటి జంటల్ని ఎంచుకుంటారు, ఒక పన్ను ఎప్పుడూ అదే పన్నును కొరక్కుండా అన్నింటితోనూ వంతుగా కలిసి సమానంగా అరిగేటట్టు. దాని ఫలితంగా క్రౌనులో ఒక చెడ్డ పన్నూ పినియనులో ఒక చెడ్డ పన్నూ ఉంటే, ఆ రెండూ ఎదురుపడేది చక్రం పది చుట్లకొకసారి. అంటే ప్రతి 22 మీటర్లకూ ఒక పెద్ద టక్. అది విని, టెలిఫోన్ స్తంభాలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టే మేస్త్రీలు ఉన్నారు. వాళ్లకు కారణాంకాల గొడవ తెలియదు గానీ, జవాబు తెలుసు.

మా బండిని జాకీల మీదికి లేపారు. ముందు చక్రాలకు ఇటుకలు, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు దించేసి, వెనక రెండు చక్రాలూ గాలిలో. మేస్త్రీ నన్ను ఎడమ చక్రం తిప్పమన్నాడు. తిప్పాను. కుడి చక్రం బద్ధకంగా అదే దిక్కుకు తిరిగింది. మామూలు డిఫరెన్షియల్ అయితే అది ఎదురు దిక్కుకు తిరిగేది. “బతికే ఉంది” అన్నాడాయన. బావగారి ముఖంలో రెండు రోజుల తర్వాత రక్తం కనబడింది.

ఈ పరీక్షను గుడ్డిగా నమ్మకూడదు. పలకలు లేకుండా వాలు పళ్ల గేర్లతోనే పనిచేసే టోర్సెన్ రకం, ఎంత ఆరోగ్యంగా ఉన్నా, గాలిలో ఎదురు దిక్కుకే తిరగొచ్చు. అది బలహీన చక్రానికి అందిన బలాన్ని ఇన్ని రెట్లు చేసి రెండోదానికిస్తుంది. గాలిలో ఆ బలం సున్నా, సున్నాను ఎన్ని రెట్లు చేసినా సున్నాయే. ఒక చక్రం గాలిలోకి లేచి బండి ఆగిపోతే, అనుభవమున్న డ్రైవర్లు బ్రేకును కొంచెం అదిమి యాక్సిలేటరు ఇస్తారు. సున్నాను కాస్త పెంచి, రెట్టింపు చేయించుకోవడమన్నమాట. థార్ లాంటి బండ్లలో వచ్చే లాకింగ్ డిఫరెన్షియల్‌ది ఇంకో జాతి. అది జారుడు ముదిరేదాకా మామూలుదానిలాగే ఉండి, అప్పుడు ఠక్కున బిగుస్తుంది. ఆ ఠక్కును జబ్బనుకుని షెడ్డుకి తెచ్చేవాళ్లు ఉన్నారట. సిలికోన్ ద్రవంతో పనిచేసే రకం మరీ గుంభనం, బాగున్నా పాడైనా ఏమీ చెప్పదు.

ఉత్త బతుకు కాదు, ఎంత బతుకుందో కూడా కొలవొచ్చు. ఒక చక్రం నేల మీద ఉంచి, రెండోదాన్ని లేపి, న్యూట్రల్‌లో, లేపినదాన్ని టార్క్ రెంచితో తిప్పాలి. ఎంత బలానికి జారడం మొదలైందో అదే పలకల పట్టు. ఇందాక చెప్పిన ఫోర్డ్ ఇరుసుకు కనీసం 20 పౌండ్-ఫీట్లు ఉండాలి. అంటే మీటరు పొడవున్న కడ్డీ కొసన రెండు కిలోల ముప్పావు బరువు వేలాడదీసినంత. అంతకు లోపే జారిందంటే పలకల పని అయిపోవచ్చినట్టే. మా బండికి కొలత చూసి మేస్త్రీ పెదవి విరిచాడు. పోలేదు, కానీ యవ్వనం లేదు.

ఆ కొలత తీస్తుండగా షెడ్డు కుర్రాడొకడు ఉత్సాహంగా డ్రైవరు సీట్లోకెక్కి, “గేరేసి చూద్దామా?” అన్నాడు. అంతసేపూ నెమ్మదిగా మాట్లాడిన పెద్దాయన ఒక్క అరుపు అరిచాడు. “ఒక చక్రం నేల మీదుంటే గేరేస్తావేంట్రా!” మామూలు డిఫరెన్షియల్ అయితే గాలిలో చక్రం తిరిగి ఊరుకుంటుంది. ఈ రకంలో నేల మీది చక్రానికీ బలం పోతుంది, బండి జాకీ మీంచి ముందుకు దూకుతుంది. కింద పడుకున్న మనిషి సంగతి చెప్పక్కర్లేదు.

ఆయిలు దింపారు. వైద్యుడికి నెత్తుటి పరీక్ష ఎలాగో ఇది అలాగ. డ్రెయిన్ బోల్టు చివర చిన్న అయస్కాంతం ఉంటుంది. దాని మీద కాటుకలాంటి బూడిదరంగు ముద్ద ఉంటే భయం లేదు, ఎంత మంచి ఇరుసైనా అంత ఉక్కును అరగదీసుకుంటుంది. వేళ్ల మధ్య మెరిసే పొలుసులు కనిపిస్తే బేరింగు మొహం లేచిపోతోంది. గోటికి తగిలే ముక్క వస్తే పన్ను. నూనె పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరాయి. వేడెక్కిన ఇరుసుతో వాగు దాటితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, బ్రీదరు నుంచో పాత సీలు నుంచో నీటిని గుటక వేస్తుంది. మా నూనె నల్లగా ఉంది. అయస్కాంతం మీది ముద్ద మెత్తగానే ఉంది. ట్రేలో అడుగున మాత్రం అయస్కాంతానికి అంటని నల్లటి రజను కనబడింది. మేస్త్రీ దాన్ని బనీను గుడ్డ మీద పరిచి చూపించాడు. పలకల మీది లైనింగు అది. కాఫీపొడి డికాషన్ అడుగున మిగిలినట్టు.

హౌసింగు విప్పి, పళ్లకు రంగు పేస్టు పూసి, ముద్ర ఎక్కడ పడుతుందో చూడటం, క్రౌను ఆట మిల్లీమీటరులో ఐదో వంతు అటూ ఇటూగా ఉందో లేదో డయల్ గేజితో కొలవడం పెద్ద విద్యలే. కానీ శ్రుతి లేదు, గురగుర లేదు, టక్ లేదు, పొలుసు లేదు. వాటి అవసరం రాలేదు. సరైన నూనె, దాంతోపాటు మందు పోయించారు. బండిని షెడ్డు వెనక ఖాళీ స్థలంలోకి తీసుకెళ్లి, స్టీరింగు ఆఖరుదాకా తిప్పి, నేల మీద ఎనిమిది అంకె దిద్దినట్టు తిప్పమన్నారు. పలకల మధ్యకు కొత్త నూనె చేరాలంటే అవి జారాలి, జారాలంటే మలుపులు తిరగాలి. మొదటి అయిదారు ఎనిమిదులకు బీరువా ఈడ్చినట్టే ఉంది. పన్నెండో దానికి మోత సన్నగిల్లింది. ఇరవై అయ్యేసరికి నేను తల బయటపెట్టి చెవొగ్గినా టైర్ల కింద మట్టి నలిగిన చప్పుడు తప్ప మరేమీ లేదు. బావగారు ఇంకో నాలుగు ఎనిమిదులు సరదాకి తిప్పారు.

డబ్బులిచ్చి బయల్దేరబోతుంటే మేస్త్రీ మళ్లీ ఆ కుడి టైరు దగ్గరికే వచ్చాడు. ఎప్పుడు వేశారని అడిగాడు. నాలుగు నెలల కిందట, పాతది పగిలితే అమ్మినవాడే ఒక్కటి కొత్తది వేసి ఇచ్చాడని బావగారు చెప్పారు. ఆయన టేపు తీసి రెండు వెనక టైర్ల గాళ్ల లోతు కొలిచాడు. కొత్తదానికి 8 మిల్లీమీటర్లు, పాతదానికి 2. “మలుపులో జారడం దాని డ్యూటీ సార్. తిన్నగా పోయేటప్పుడు దానికి రెస్టు. ఈ బండిలో దానికి రెస్టు లేదు.”

అప్పుడు నాకు వెలిగింది, ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పినవాడికి. 350 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో 6 మిల్లీమీటర్ల తేడా అంటే నూటికి 1.7. కిలోమీటరుకు టైరు సుమారు 455 చుట్లు తిరుగుతుంది. పాత టైరు చిన్నది కాబట్టి దాదాపు ఎనిమిది చుట్లు ఎక్కువ తిరగాలి, బాణంలా తిన్నగా పోయే రోడ్డు మీద కూడా. యూటర్నుకు రెండు చుట్ల పైచిలుకు అనుకున్నాం కదా. విజయవాడ నుంచి హైదరాబాదు 275 కిలోమీటర్లు. బావగారు ఒకసారి వెళ్లొస్తే ఆ పలకలు పోను వెయ్యి, రాను వెయ్యి యూటర్నులు కొట్టినట్టు. నాలుగు నెలల్లో ఆయన ఎన్నిసార్లు వెళ్లారో కారులో కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో మానేశారు.

ఆ సాయంత్రమే జత టైరు కొన్నారు. అరిగిన పాతదాన్ని స్టెప్నీగా వెనక తగిలించమని బావగారు షాపువాడికి చెబుతుంటే, మా వెంట నడిచొచ్చిన మేస్త్రీ అడ్డుపడ్డాడు. “అది వెనకాల పంచరైన రోజున వెనకాలే వేసుకుని హైదరాబాదు దాకా లాగించేస్తారు సార్, మళ్లీ మొదటికొచ్చిద్ది. పంచరైతే ముందు టైరొకటి తీసి వెనక్కెయ్యండి, స్టెప్నీ ముందుకెయ్యండి.” బావగారు ఫోను తీసి, ఆ మాట ఉన్నదున్నట్టు టైపు చేసుకున్నారు.